ఆవకాయ డబ్బాకు చిల్లు

వంటింటి అలమర పై అరలో పరిచిన న్యూస్‌పేపరు మీద గుండ్రంగా ఎర్రటి నూనె మరక కనిపించింది. దాని మీదున్నది స్టీలు డబ్బా. కిందటి వేసవిలో ఆవకాయ కలిపాక జాడీలో పట్టక మిగిలిన రెండు కిలోలు అందులోకెత్తాం. ఖాళీ చేసి, కడిగి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే అడుగున సూదిమొన పట్టేంత చిల్లు. మిగతా అడుగంతా అద్దంలా ఉంది, మొహం చూసుకోవచ్చు.

"ఇంకో జాడీ కొనుక్కురారా అంటే విన్నావా? ఉప్పు స్టీలుని తినేస్తుందని చెప్తూనే ఉన్నా" అంది అమ్మ.

ఉప్పు తింటుందని నాకూ తెలుసు. గుంటూరు బ్రాడీపేటలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. నాకు అంతుపట్టనిది వేరు. ఉప్పూ పులుపూ డబ్బా అడుగంతటికీ ఒకేలా తగిలాయి కదా. మరి చిల్లు సరిగ్గా అక్కడే ఎందుకు పడింది?

చిల్లు వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు, రేకు మందం అర మిల్లీమీటరు అనుకుని లెక్క కట్టాను. కరిగిపోయిన లోహం 0.3 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ తేలింది. ఆవగింజలో అరవయ్యో వంతు కాదు గానీ, ఏడో ఎనిమిదో వంతు. డబ్బాను కొన్నప్పుడోసారి, ఇప్పుడోసారి త్రాసులో పెట్టి తూస్తే తేడా కనిపించదు. 'తుప్పు లేదు, భేషుగ్గా ఉంది' అని త్రాసు చెబుతుంది. నూనె మరక మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

లోహాలు ఎంత తినేయబడ్డాయో కొలవడానికి చాలాకాలంగా ఉన్న పద్ధతి ఈ తూకమే. తమిళనాడులోని కారైకుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ ఉంది. అక్కడివాళ్లు దేశంలో చాలా ఊళ్లలో లోహపు పలకలను ఆరుబయట బిగించి, కొంతకాలమయ్యాక విప్పి, శుభ్రం చేసి తూచి, ఏ ఊళ్లో తుప్పు ఎంతో దేశపటమే గీశారు. వంతెన కట్టేవాడికీ కరెంటు స్తంభం పాతేవాడికీ ఆ పటం కావాలి. కానీ అది ఊరికొక సంఖ్య ఇస్తుంది. నాకు కావలసింది ఊరి సంగతి కాదు, ఒకే ఒక్క ఇంటి సంగతి.

బ్రాడీపేటలో ఇల్లు వెతకడం తెలిసినవాళ్లకు ఈ తేడా ఇట్టే పడుతుంది. ఇక్కడ వీధులకు పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. నిలువుగా లైన్లు, అడ్డంగా రోడ్లు, గళ్ల నోటుపుస్తకంలా ఉంటుంది పేట. శంకర్‌విలాస్ సెంటర్లో నిలబడి పేటంతా ఎలా ఉందో ఒక మాటలో చెప్పేయొచ్చు. ఏ గడపలో పెళ్లి సందడి ఉందో, ఏ గడపలో తాళం వేసుందో తెలియాలంటే మాత్రం ఒకటో లైను మొదట్లో బయల్దేరి, చివరిదాకా నడిచి, పక్క లైనులోకి తిరిగి, ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. లోహపు ఉపరితలం మీద అచ్చం ఇలా లైను తరవాత లైను నడిచే పరికరం ఒకటుంది. దాన్ని స్కానింగ్ ఎలక్ట్రోకెమికల్ మైక్రోస్కోపు అంటారు. ప్రయోగశాలల్లో పొడి అక్షరాల్లో ఎస్‌ఈసీఎం అనేస్తారు.

పేరులో మైక్రోస్కోపు ఉందన్నమాటే గానీ అందులో చూసే కటకం లేదు. ఉన్నదల్లా ఒక ప్లాటినం తీగ. మందం 10 నుంచి 25 మైక్రాన్లు. మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, పోల్చుకోండి. ఆ తీగను సన్నటి గాజు గొట్టంలో దూర్చి, వేడి చేసి, గాజు కరిగి తీగను పట్టుకునేలా మూసేస్తారు. కొసను అరగదీసి నున్నగా చేసి, చుట్టూ ఉన్న గాజును పెన్సిలు చెక్కినట్టు చెక్కుతారు. చివరికి గాజు మధ్యలో ప్లాటినం చుక్క ఒక్కటే ద్రవానికి తగులుతుంది. చెక్కేటప్పుడు చెయ్యి వణికిందా, రోజంతా చేసిన పని బుగ్గిపాలే.

పరీక్షించవలసిన లోహాన్ని పళ్లెంలాంటి గిన్నెలో పెట్టి పైన ద్రావణం పోస్తారు. అందులో ఎలక్ట్రాన్లను తేలిగ్గా ఇచ్చి పుచ్చుకునే పదార్థం కొంచెం కలుపుతారు. దీన్ని మధ్యవర్తి అందాం. ఫెర్రోసీన్ మిథనాల్ ఇందుకు బాగా వాడుక. రెండు కర్బన వలయాల మధ్య ఒక ఇనుప పరమాణువు ఇరుక్కుని ఉంటుంది, పేలాల ఉండ మధ్యలో బెల్లంముక్కలాగ. ప్లాటినం మొనకు తగిన వోల్టేజి ఇస్తే, దాన్ని తాకిన ప్రతి మధ్యవర్తీ ఒక ఎలక్ట్రాన్ వదిలిపోతుంది. వదిలిన ఎలక్ట్రాన్లే కరెంటు. 10 మైక్రాన్ల మొనకు, లీటరులో ఒక మిల్లీమోలు మధ్యవర్తి ఉంటే, ఆ కరెంటు ఒకటిన్నర నానోఆంపియర్లు. ఒక ఆంపియరు ఇచ్చే ఫోను చార్జరుతో పోలిస్తే 67 కోట్లలో ఒక వంతు.

అసలు కిటుకు మొనను ఉపరితలానికి దగ్గరగా దించినప్పుడు బయటపడుతుంది. ఇక్కడ నేను క్లాసులో చెప్పే పోలిక నీళ్ల క్యాన్లది. మొనను రోజంతా నీళ్లు వాడేసే ఇల్లనుకోండి. మధ్యవర్తి అణువులు నిండు క్యాన్లు, ఎలక్ట్రాన్లు నీళ్లు. ఇల్లు క్యాను వంచుకుని ఖాళీది బయట పెడుతుంది. చుట్టూ ఏమీ లేకపోతే కొత్త క్యాన్లు ఎక్కడో దూరం నుంచి రావాలి, కనక సరఫరా ఒక స్థాయిలో నిలకడగా ఉంటుంది. ఇప్పుడు ఆ ఇంటి ఎదురుగానే నీళ్లు నింపే ప్లాంటు పెట్టారనుకోండి. ఖాళీ క్యాను రోడ్డు దాటి, నిండి, వెంటనే తిరిగొస్తుంది. అవే క్యాన్లు పదిసార్లు తిరుగుతాయి. ఎలక్ట్రాన్లను చురుగ్గా ఇవ్వగల ఉపరితలం ఆ ప్లాంటు. మొన దాని మీదికి వచ్చేసరికి కరెంటు పెరుగుతుంది. ప్లాంటు బదులు ఎదురుగా ప్రహరీగోడ లేచిందా, క్యాను నిండకపోవడం అటుంచి, దూరం నుంచి వచ్చే బండికి దారి కూడా ఇరుకైపోతుంది. కరెంటు పడిపోతుంది. గాజు, ప్లాస్టిక్, దిట్టమైన ఆక్సైడు పొర ఇలాంటి గోడలు.

ఎంత పెరుగుతుంది, ఎంత పడిపోతుంది అన్నదానికి పక్కా లెక్కలున్నాయి. మొన వ్యాసార్ధం ఎంతో అంత ఎత్తులో, అంటే పై ఉదాహరణలో 5 మైక్రాన్ల ఎత్తులో, మంచి వాహకం మీద కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గాజు మీద దాదాపు సగమవుతుంది. ఇంకా దించి అర మైక్రానుకు తెస్తే వాహకం మీద ఎనిమిదిన్నర రెట్లు. నిండుగా పనిచేసే ప్లాంటుకూ ప్రహరీగోడకూ మధ్య, కునికిపాట్లు పడుతూ నింపే ప్లాంట్లు కూడా ఉంటాయి. కరెంటు ఎక్కడ ఆగిందో చూసి ఆ చోట చర్య ఎంత వేగంగా నడుస్తోందో రాబట్టవచ్చు. మామూలు మైక్రోస్కోపు ఉపరితలం ఆకారం చూపిస్తుంది. ఇది దాని గుణం చెబుతుంది. ఎవరు ఇస్తారో, ఎవరు ఇవ్వరో తెలియడానికి తలుపు తట్టడమే దారి.

ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లతో లెక్కలు తేల్చడం మనవాళ్లకు పాత విద్యే. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జి. గోపాలరావు గారు వనేడియం లవణాలను బ్యూరెట్టులో పోసి ఇనుము లాంటివి ఎంతున్నాయో తేల్చే పద్ధతుల మీద ఒక తరం శిష్యుల్ని తయారుచేశారు. ఎమ్మెస్సీలో ఆ సంప్రదాయపు చివరి చుక్కలు నాకూ అందాయి. రంగు మారగానే బ్యూరెట్టు కట్టేయడంలో ఒక ఆనందం ఉంది. ఫ్లాస్కును కుదిపి కుదిపి అంతా కలిపేశాకే ఆ రంగు వస్తుందన్న సంగతి అప్పట్లో తట్టలేదు. మూల మూలకీ తేడా ఉంటే ఆ కుదుపులోనే చెరిగిపోయిందన్నమాట.

ఎస్‌ఈసీఎం పుట్టుక కొంత పొరపాటు లాంటి దానితోనే మొదలైంది. 1981లో గెర్డ్ బిన్నిగ్, హెన్‌రిక్ రోరర్ పరమాణువులను చూపించే టన్నెలింగ్ మైక్రోస్కోపు చేసి, 1986లో నోబెల్ అందుకున్నారు. అమెరికాలో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ బార్డ్ బృందం ఆ పరికరాన్ని ద్రావణంలో ముంచి నడపబోయింది. మొన ఉపరితలానికి చాలా దూరంలో ఉన్నా కరెంటు వస్తోంది. టన్నెలింగ్ అంత దూరం పనిచేయదు. ఇంకెవరైనా ఆ కరెంటును చెత్త కింద లెక్కేసి వదిలించుకునే మార్గం వెతికేవారు. బార్డ్ విద్యుద్రసాయనం ఎరిగినవాడు గనక అది రసాయన చర్య తెచ్చిన కరెంటని గుర్తుపట్టాడు. 1989లో సూత్రాలన్నీ విడమరచిన వ్యాసాలు వచ్చాయి. లారీ ఫాక్నర్‌తో కలిసి ఆయన 1980లో రాసిన లావుపాటి పుస్తకాన్ని మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ 'బార్డ్ ఫాక్నర్' అనే పిలుస్తారు. ఆయన 2024 ఫిబ్రవరిలో తొంభై ఏళ్ల వయసులో పోయారు.

ఇక చిల్లు సంగతి.

స్టెయిన్‌లెస్ స్టీలు మెరిసేది అందులో క్రోమియం ఉండబట్టి. గాలి తగలగానే క్రోమియం రెండు మూడు నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర అల్లుకుంటుంది. గీత పడితే మళ్లీ తనే అతుక్కుంటుంది. ఇంత మంచి చొక్కాకూ లోపం ఉంది. ఉక్కు కరిగించేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా గంధకం కాస్త మిగులుతుంది. అది మాంగనీసుతో కలిసి, రేకులో అక్కడక్కడా మైక్రాన్ల సైజు నలుసులుగా ఉండిపోతుంది. నలుసు ఉన్నచోట చొక్కా కుట్టు సరిగా పడదు. ఉప్పులోని క్లోరైడు అక్కడే దూరుతుంది. దూరాక కథ వేగం పుంజుకుంటుంది. కరిగిన లోహం నీటితో చర్య జరిపి గుంతలో ఆమ్లం పుట్టిస్తుంది. గుంతలో చేరిన లోహ అయాన్ల ధనావేశాన్ని సరితూచడానికి బయటి నుంచి ఇంకా క్లోరైడు వచ్చి చేరుతుంది. ఆమ్లమూ క్లోరైడూ పెరిగేకొద్దీ లోహం ఇంకా కరుగుతుంది. పైన రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల గుంత తనను తానే తవ్వుకుంటూ పోతుంది. ఆవకాయలో ఉప్పుకు మామిడి పులుపు కూడా తోడు.

ఇదంతా చాలాకాలంగా పుస్తకాల్లో ఉన్నదే. కొత్తగా తెలిసింది ఏమిటంటే, గుంత పడకముందే ఆ చోటును పట్టుకోవచ్చని. 1990ల మొదట్లో అమెరికాలో హెన్రీ వైట్, విలియం స్మిరిల్ బృందం టైటానియం రేకు మీద ఈ మొనను నడిపించింది. టైటానియం ఉప్పునీటికి అంత సులువుగా లొంగదు, బ్రోమైడుకు లొంగుతుంది. హైదరాబాదు మిధాని కర్మాగారంలో ఈ లోహాన్ని రక్షణ, అంతరిక్ష రంగాల కోసం తయారుచేస్తారు, అంత గట్టి సరుకు. రేకు అంతా ఆక్సైడు కప్పుకుని ఉదాసీనంగా ఉంటే, కొన్ని చుక్కల దగ్గర మాత్రం బ్రోమైడు చర్య జరుగుతూ కనిపించింది. కంటికి అక్కడ ఏమీ లేదు. వోల్టేజి పెంచారు. గుంత పడింది, అలాంటి ఒక చుక్క దగ్గరే.

నన్నడిగితే ఈ విద్య చేసిన పనుల్లోకెల్లా గొప్పది ఇదే. ఒక్కో అణువును పట్టుకున్న ఘనకార్యం కూడా దీని ఖాతాలో ఉంది. 1995లో బార్డ్, ఫూ-రెన్ ఫాన్ కొద్ది నానోమీటర్ల సందులో ఒకే ఒక మధ్యవర్తి అణువును బంధించి, అది మొనకూ ఉపరితలానికీ మధ్య సెకనుకు లక్షలసార్లు షటిల్ కొడుతుంటే ఆ కరెంటును కొలిచారు. అబ్బురమే. కానీ జరగబోయే చిల్లును ముందే చూపించడం నా డబ్బాకు దగ్గరి సంగతి. 2000లో వైట్, రిచర్డ్ ఆల్కైర్ మరొకరితో కలిసి ఇదే పనిని స్టెయిన్‌లెస్ స్టీలులోని గంధకపు నలుసుల మీద చేశారు. అయొడైడును మధ్యవర్తిగా పెట్టి, ఏ నలుసు కరిగి గంధకం విడుస్తోందో, ఏది ఊరికే ఉందో విడదీసి చూశారు. నలుసులన్నీ ఒక్కలాంటివి కావు. దొంగల్లోనూ బద్ధకస్తులుంటారు.

మరి ప్రతి డబ్బానూ ఇలా చూసి అమ్మొచ్చు కదా అంటే, వేగం కుదరదు. మొన సెకనుకు 10 మైక్రాన్లు నడుస్తుందనుకుందాం. వంద మైక్రాన్ల చదరపు జాగాలో మైక్రానుకో లైను చొప్పున వంద లైన్లు. ఒక్కో లైనూ పోయి రావడానికి 20 సెకన్లు. మొత్తం అరగంట పైమాట. బొటనవేలి గోరంత జాగా, ఒక చదరపు సెంటీమీటరు, ఇదే తీరున నడవాలంటే రాత్రీ పగలూ ఏడున్నర నెలలు. అప్పటికి ఆవకాయ ఊరి, తినేసి, వచ్చే ఏటి కాపుకు మామిడి పూత కూడా వచ్చేస్తుంది. పైగా రేకు ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం ఉంటే కరెంటు తగ్గింది దూరం వల్లా, గుణం వల్లా అన్న సందేహం ఒకటి. మొన గుద్దుకుని గాజు విరిగితే మళ్లీ మొదటి నుంచి చెక్కాలి. స్విట్జర్లాండులో హ్యూబర్ట్ జిరో బృందం మెత్తటి ప్లాస్టిక్ మొనలను దువ్వెన పళ్లలా వరసగా పెట్టి, ఎగుడుదిగుడుల మీద చీపురులా ఊడ్చే ఏర్పాటు చేసింది. ఇంగ్లండులో ప్యాట్రిక్ అన్విన్ బృందం గిన్నెలో ద్రావణమే పోయకుండా, సన్నటి గొట్టం కొసన వేలాడే బొట్టునే ఉపరితలం మీద అద్దుకుంటూ పోతోంది. ముగ్గు పెట్టే ముందు చుక్కలు వేసినట్టు ఉంటుంది ఆ పని.

డబ్బాలోకి ఉప్పుతో పాటు ఆవపిండి కూడా పోశాం కదా. మొన ఆవ మొక్క దాకా కూడా వెళ్లింది. కెనడాలోని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో 2005లో ఆవాల జాతుల్లో మన వంటింటి దాన్ని, శాస్త్రనామంలో బ్రాసికా జన్సియాను పెంచి, కొన్నిటికి కాడ్మియం కలిపిన నీళ్లు పోశారు. బతికున్న ఆకును ద్రావణంలో పరచి మొనను పైన నడిపారు. ఈసారి మొన క్యాన్లు తిప్పలేదు, కాపు కాసింది. పత్రరంధ్రం తెరుచుకుని కిరణజన్య సంయోగక్రియ ఆక్సిజన్ బయటికొస్తే, దాన్ని పట్టుకుని కరెంటుగా మార్చింది. ఆకు మామూలు ఆకులాగే ఉంది. పటంలో రంధ్రాలు ఒక్కొక్కటీ దీపాల్లా తేలాయి. కాడ్మియం తిన్న ఆకులో రంధ్రాలు పలచగా ఉన్నాయి, సైజు పెద్దదైంది.

ఆకు వాడిపోయాక మొక్కకు బాగాలేదని ఎవరైనా చెబుతారు. పత్తి చేలోనో మిరప చేలోనో రైతు ఉదయాన్నే ఆకు తిరగేసి, వేళ్లతో నలిపి, వాసన చూసి, 'ఏదో తేడాగా ఉంది' అంటాడు చూడండి, ఆ 'ఏదో'కు రంధ్రం లెక్కన అంకె వేయడం ఇది.

కారం గురించీ ఒక మాట. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ కూడా ఎలక్ట్రాన్లు వదిలే పదార్థమే. 1912లో విల్బర్ స్కోవిల్ పెట్టిన కొలతలో మనుషులు నాలుక మీద వేసుకుని మంట తెలియకుండా పోయేదాకా పలచన చేసేవారు. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ కాంప్టన్ బృందం కర్బన నానోగొట్టాలు పూసిన ఎలక్ట్రోడుతో ఆ మంటను కరెంటుగా కొలిచింది. గుంటూరు మిర్చి యార్డులో నాకు తెలిసిన పద్ధతి వేరు. కాయ విరిచి, గింజ కొరికి, కళ్లు చిట్లించి ధర చెబుతారు. యార్డులోకి అడుగుపెట్టగానే తుమ్ములు మొదలయ్యే నాలాంటివాడికి ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

చిల్లు డబ్బాను పారేయనివ్వలేదు అమ్మ. 'ద్రవం పోస్తేనే కదా కారేది' అని ఎండుమిరపకాయలు పోసింది. పోసే ముందు ఒకరోజు నా దగ్గర పెట్టుకుని, స్టాంపులు చూసే భూతద్దంతో అడుగంతా లైను లైనుగా వెతికాను. చిల్లు కాక, చిల్లు కాబోయి ఆగిపోయిన గోధుమరంగు చుక్కలు పదకొండు లెక్కకు వచ్చాయి. అంచు దగ్గర మూడు, నడుమ ఎనిమిది. మార్కరుతో వాటి చుట్టూ సున్నాలు చుట్టాను. అమ్మ చూసి, "డబ్బాకి ఈ బొట్లేంట్రా" అని కొంగుతో తుడవబోయింది. పోలేదు. పర్మనెంట్ మార్కరు.